ఆరు చరణాల జిగురు

ఎనభై ఏడులో ఒక శనివారం. ఆ పొద్దున జయరావు మాస్టారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, పడవలో సీటు అతికించి, పదింటికల్లా స్నానం చేసి కూర్చోవడం. సాయంత్రం నాలుగింటికి వరద సహాయ సంఘం కార్యదర్శి జానకిరామయ్య గారు గుంటూరు నుంచి జీపులో వస్తారు. సంఘం పంపిన పడవ సిద్ధంగా ఉండి, నడిపే మనిషి కనబడితే అది పొన్నూరు దగ్గర మాస్టారు పనిచేసే మిషన్ స్కూలుకే ఉంటుంది. లేకపోతే జీపు టాపెక్కి ఇంకో ఊరికి పోతుంది.

ముందటేడు కాలవ గట్టు తెగినప్పుడు ముసలి బసవమ్మను తలుపు రెక్క మీద పడుకోబెట్టి, నడుము లోతు నీళ్లలో వణుకుతూ లాక్కొచ్చింది ఆయనే. అందుకే ఆ పడవంటే ఆయనకు ప్రాణం. డ్రిల్లు మాస్టారై ఉండీ ఆయనకు ఈత రాదన్న సంగతి మాత్రం భార్య జయకుమారికీ దేవుడికీ తప్ప మూడోవాళ్లకు తెలియదు.

పడవ విదేశాల నుంచి వచ్చిన ఎర్ర ప్లాస్టిక్‌ది. సీటు విడిగా వచ్చింది, నీళ్లు పీల్చని దళసరి ఫోమ్ దిమ్మ. పోస్టాఫీసు జిగురుతో అతికిస్తే అప్పడంలా ఊడొచ్చింది. తుమ్మబంక పెట్టి ఎండలో ఉంచితే పట్టింది చీమలే. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. మాస్టారు పరిగెత్తి పంక్చర్ల షాపు మరియదాసును పిలుచుకొచ్చాడు.

"ప్లాస్టిక్కు మరీ నున్నగా ఉందండీ మాస్టారూ. గరుకు కాయితంతో రుద్దండి. ఈ సొల్యూషన్ పడవకీ, దిమ్మకీ రెంటికీ పుయ్యండి. వెంటనే అతికించారో, చచ్చినా పట్టదు. ఆరనివ్వాలి."

"ఎంతసేపయ్యా?"

"ఒక బీడీ కాల్చినంతసేపండీ."

"నిమిషాల్లో చెప్పు."

"అది బీడీని బట్టి ఉంటుందండీ," అని మరియదాసు వెళ్లిపోయాడు.

జయరావు చర్చి సంఘ పెద్ద. జన్మలో బీడీ ముట్టలేదు. వాచీ చూద్దామంటే రిపేరులో ఉంది. బాగా ఆలోచించి, ఆరు చరణాల కీర్తన ఒక బీడీకి సమానమని తీర్మానించాడు. పడవ రుద్దబోతే, ఎర్ర రంగులో కలిసిపోయి అప్పటిదాకా కనబడని ఎర్రటి పొడి అడుగంతా ఉంది.

"జయా, ఇదేంటే?"

"వారం రోజులు మిరపకాయలు ఎండబెట్టానండీ. అంత పెద్ద పళ్లెం మనింట్లో ఇంకెక్కడుంది?"

పోట్లాటకు టైము లేదు. భుజం మీది తువ్వాలుతో పొడి తుడిచేసి, గరుకు కాయితంతో రుద్ది, సొల్యూషన్ పూసి కీర్తన ఎత్తుకున్నాడు. మూడో చరణంలో ఉండగా జీపు హారన్ వినిపించింది. జానకిరామయ్య గారు అరగంట ముందే వచ్చేశారు. ఆ కంగారులో మాస్టారు దిమ్మను తలకిందులుగా పెట్టేశాడు. పూత పూసిన వైపు పైనుంది.

"ఏదీ జయరావు గారూ, ఒకసారి కాలవలో నడిపి చూపించండి."

కాదంటే పడవ పోతుంది. మాస్టారు దేవుణ్ణి తలుచుకుని, ఆ పూత మీదే కూర్చుని తెడ్డు వేశాడు. కాలవ మధ్యకు బాగానే వెళ్లాడు. భయంతో పట్టిన చెమటను అదే తువ్వాలుతో తుడుచుకున్నాడు. కళ్లు భగ్గుమన్నాయి. "అమ్మో!" అని లేచాడు. పడవను వదిలేసి సీటు ఆయనతోపాటే లేచింది. పడవ బోల్తా కొట్టింది.

"ఏవండీ!" అని గట్టు మీద జయకుమారి కేక.

మాస్టారు మాత్రం మునగలేదు. ఫోమ్ దిమ్మ ప్యాంటును గట్టిగా పట్టుకుని ఆయన్ని నీళ్ల మీద కుర్చీలో కూర్చోబెట్టినట్టు తేల్చింది. కళ్లు మూసుకుని, బోల్తాపడ్డ పడవను ఒక చేత్తో పట్టుకుని, మిగిలిన చరణాలు వణుకుతూ పాడుకుంటూ మెల్లగా రేవు మెట్లకు చేరాడు.

జానకిరామయ్య గారు చప్పట్లు కొట్టారు. "పడవ బోల్తాపడితే మనిషి ఎలా తేలాలో ఎంత ధైర్యంగా చేసి చూపించారండీ! సీటు నడుముకే ఉండేలా చేయడం ఇంకా బాగుంది. పడవ మీ స్కూలుకే!"

మాస్టారి కళ్ల వెంట నీళ్లు కారాయి. మిరపపొడి వల్ల కొన్ని, సంతోషం వల్ల చాలా. జీపు వెళ్లాక జయకుమారి ఆయన్ని పట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత కత్తెర తెచ్చింది.

మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యి గుడి నుంచి రాగానే పడవను సబ్బుతో కడిగి, ఆరు చరణాలూ పూర్తిగా పాడి సీటు అతికించారు. అది ఈసారి పడవను వదల్లేదు, మాస్టారి ప్యాంటు గుడ్డనూ వదల్లేదు.