ముప్ఫై వరసలు, ఇరవై తలుపులు

ఆ ఉదయం గళ్ళమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది: పది గంటలకు సమావేశపు గదిలో గోడంత తెర వెలిగించడం, డైరెక్టరు గారి చేత వహ్వా అనిపించుకోవడం, పదకొండింటికల్లా తన తాత్కాలిక ఉద్యోగాన్ని ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. విత్తనాలు భద్రపరిచే ఆ సంస్థలో ఆమె ఏకైక ప్రోగ్రామరు. ఇరవై ఫ్రిజ్‌లు, తొంభై రోజులు, పావుగంటకొక ఉష్ణోగ్రత; ఒక్కో ఫ్రిజ్‌కు రోజుకొక వరస చొప్పున పద్ధెనిమిది వందల వరసలు. ఆ లక్షా డెబ్బై రెండు వేల పైచిలుకు గళ్ళనూ పటాలు గీసిపెట్టే చార్టింగ్ లైబ్రరీ అనే సాఫ్ట్‌వేరుతో పట్టిక కట్టిననాటి నుంచి అందరికీ ఆమె అసలు పేరు మరుపున పడింది.

అన్ని గళ్ళనూ ఒక్కసారే గీయమంటే కంప్యూటరు గుడ్లు తేలేస్తుంది. అందుకని తెర మీద పట్టే ముప్ఫై వరసలనే గీసి, కిందికి జరిపినప్పుడు వాటిని తుడిచి ఆ చోటే తరువాతివి గీసేలా ఆమె ఏర్పాటు చేసింది. వరసలు జర్రున జారుతుంటే తన పనికి తానే మురిసిపోయి, టీ తాగడానికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే హెడ్‌క్లర్కు ఆమె గదిలోకి వచ్చాడు. ఆఫీసంతటికీ ఆయన బాబాయి. కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆయన సిద్ధాంతం. ఫైలులో పట్టిక మొత్తం ఉంటే పిల్లకు మేలు జరుగుతుందని తలచి, ప్రింటరులో రెండు కట్టల కాగితాలు నింపి మరీ మీట నొక్కాడు. ఒకే ఒక్క కాగితం బయటికి వచ్చింది. లెక్కపెడితే ముప్ఫై వరసలు. కళ్ళద్దాలు తుడుచుకుని లెక్కపెట్టినా ముప్ఫైయే. మిగిలిన పదిహేడు వందల డెబ్బై వరసలూ గంగలో కలిసిపోయాయని ఆయనకు రూఢి అయింది.

పిల్ల ఉద్యోగం ఎలాగైనా నిలబెట్టాలి. కనీసం ఇవాళ్టి అంకెలైనా చేత్తో రాద్దామని ఇరవై మందిని ఇరవై ఫ్రిజ్‌ల ముందు నిలబెట్టి, లోపలి థర్మామీటరు కనపడేలా తలుపులు తీయించాడు. ఒకటో నంబరు నుంచి వరసక్రమంలో తాను రాసుకుంటూ వచ్చేదాకా ఎవరూ తలుపు మూయకూడదన్నాడు. ఆయన దస్తూరీ ముత్యాల కోవ. ముత్యాలు త్వరగా పడవు. తొమ్మిదో ఫ్రిజ్ దగ్గరకు చేరేసరికి ఇరవై అలారాలూ ఒక్కపెట్టున మోగాయి.

గళ్ళమ్మ కప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఈ తలుపులన్నీ ఎవరు తీయమన్నారు?"

"నేనేనమ్మా. నీ పట్టిక తుడిచిపెట్టుకుపోయింది, ముప్ఫై మిగిలాయి. కంగారుపడకు, మూడో కంటికి తెలియనివ్వలేదు."

ఆ మాట నలభై కళ్ళ ఎదుట అన్నాడు. డైరెక్టరు గారివి మరో రెండు, బాబాయి వెనకే ఉన్నాయి.

వరసలన్నీ భద్రంగానే ఉన్నాయనీ, అవసరమైనప్పుడే గీస్తామనీ సమావేశపు గదిలో ఆమె ఎంత చెప్పినా డైరెక్టరు గారి తల అడ్డంగానే ఊగింది.

"కనపడనివి ఉన్నాయంటే ఎలా నమ్మమంటావమ్మా? మొత్తం ఒక్కసారే చూపించు. లేదంటే ఆ కాగితం సంగతి మర్చిపో."

గళ్ళమ్మ పంతం పట్టింది. అంకెలన్నీ తీసేసింది. చల్లగా ఉంటే ఆకుపచ్చ, వేడెక్కితే ఎరుపు అని నిర్ణయించి, గళ్ళను ఆవగింజలో పదోవంతుకు కుదించింది. తెర నల్లబడింది. మరుక్షణం గోడంతా పచ్చని చేను పరుచుకుంది. ఒక్కో ఫ్రిజ్ ఒక్కో మడి. ప్రతి మడికీ అడుగున, ఇవాళ్టి తలుపుల పుణ్యమా అని, ఒక ఎర్రని గీటు. పద్నాలుగో మడిలో మాత్రం పైనుంచి కిందికి నిలువునా ఒక ఎర్రదారం ఉంది.

"ఈ తలుపు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరో తీస్తున్నారు సర్," అంది ఆమె, ఆ సంబరంలో ఒళ్ళు మరిచి. "ఆదివారాలు లేదు. పోయిన నెల వరసగా పది రోజులు అసలే లేదు."

బాబాయి జ్ఞాపకం సెలవుల రిజిస్టరుకు నకలు. "పోయిన నెల పది రోజులు సెలవు పెట్టింది ఒక్కరే. మన..." అని డైరెక్టరు గారి వైపు తిరిగి, హఠాత్తుగా దగ్గు తెచ్చుకున్నాడు. ఇందాక పద్నాలుగో ఫ్రిజ్ ముందు నిలబడిన ఆవిడ, విత్తనాల మధ్య దొరికిందంటూ, ఒక మంచినీళ్ళ సీసాను బల్ల మీద పెట్టింది.

డైరెక్టరు గారు చాలాసేపు తెరను చూశారు. సీసాను మాత్రం చూడలేదు.

"ఇన్ని ఒక్కసారే చూస్తే కళ్ళు లాగుతున్నాయమ్మా. ముప్ఫై చాలు," అన్నారు, కలం మూత తీస్తూ. "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

మర్నాటి నుంచి పద్నాలుగో మడి పచ్చగా కళకళలాడింది. గోరువెచ్చని నీళ్ళు ఆరోగ్యానికి ఎంతో మంచివని డైరెక్టరు గారు అడిగినవారికీ, అడగనివారికీ చెప్పడం మొదలుపెట్టారు.