ఊహించిన జవాబులు

పెనుకొండకు అవతలనున్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నవంబరు మొదటి సోమవారం నుంచి ఉపాధ్యాయుల కొరత పూర్తిగా తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. హిందూపురంలోని ఒక బీఈడీ కాలేజీ ఆ బడికి పదకొండు మంది ఛాత్రోపాధ్యాయులను, అంటే తమ చదువు ఇంకా ముగియకుండానే ఇతరులకు చదువు చెప్పడం ప్రాక్టీసు చేసేవాళ్లను, పంపింది. వాళ్లు గేటులోంచి లోపలికి వస్తుంటే బడిలోని అసలు ఉపాధ్యాయులు అదే గేటులోంచి బయటికి వెళ్లారు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు సుమా. ఒకాయన ఓటర్ల జాబితా సరిచూడటానికి వెళ్లాడు. ఇంకొకాయనకు చుట్టుపక్కల నాలుగు బళ్ల మరుగుదొడ్లను ఫోటో తీసే బాధ్యత ఉంది. లెక్కల మేడమ్ 'పిల్లలతో ఎక్కువ సమయం గడపడం ఎలా' అనే ఐదు రోజుల శిక్షణ కోసం ఓబులదేవరచెరువుకు పోయింది. ప్రధానోపాధ్యాయురాలు పద్మావతమ్మ గారు మాత్రం మిగిలారు. మధ్యాహ్న భోజనం ఫోటోలు ఆమె ఫోన్లోంచే యాప్‌కు ఎక్కాలి మరి.

ఆ పదకొండు మందిలో ఫర్హానా ఒకతి. ధర్మవరంలో పరుపులు కుట్టే చాంద్ కూతురు. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి పెనుకొండలో దిగి, అక్కడినుంచి ఆటోలో బడికి వచ్చేది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. చాంద్ అప్పుడే అంగడికి వచ్చినవాళ్లందరికీ "మా పాప టీచరమ్మ" అని చెప్పేస్తున్నాడు. దిండ్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఆ మాట విననిదే బయటపడలేకపోయేవారు. ఆ మాట నిజం కావాలంటే ఫర్హానా ఒక్క గండం దాటాలి. దాని పేరు ఫైనల్ లెసన్. బయటినుంచి ఒక పరీక్షకుడు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. నలభై నిమిషాలు ఆమె పాఠం చూసి, ఈమె టీచరవునో కాదో తేలుస్తాడు.

దానికి ముఖ్యమైన ఆయుధం రికార్డు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాము. రికార్డులో ప్రతి పాఠానికీ మూడు గడులుంటాయి. మొదటి గడిలో ఉపాధ్యాయుని ప్రశ్న, రెండో గడిలో విద్యార్థుల ఊహించిన జవాబు, మూడో గడిలో ఆ జవాబుకు ఉపాధ్యాయుని స్పందన. ఫర్హానా ఈ మూడు గడులనూ ఆగస్టులో హిందూపురం హాస్టల్లో కూర్చుని నింపింది. పిల్లలను చూసింది నవంబరులో. పిల్లలు ఏమంటారో పిల్లలను చూడకముందే రాయగలగడాన్నే బోధనాశాస్త్రం అంటారు. నిజానికి ఊహించే శ్రమ కూడా ఆమె పడలేదు. సీనియర్ రికార్డు చూసి రాసింది. సీనియర్ తన సీనియర్‌ది చూసి రాసింది. ఆ రికార్డును మొట్టమొదట ఊహించిన మహానుభావుడెవరో కాలేజీలో ఎవరికీ తెలియదు. సొంతంగా ఒక్క వాక్యం చేర్చినవాళ్లకు మాత్రం ఏటా రెండు మార్కులు తగ్గుతూ వచ్చాయి.

ఏడో తరగతి గదిలో ఫర్హానాకు తొలిరోజే తెలిసొచ్చింది, అక్కడ అనుభవం లేనిది తనొక్కతికేనని. ముందు బెంచీలోని మహేశ్వరి లేచి నిలబడి, "మేడమ్, ముందు ప్రేరణ ప్రశ్నలు అడగాల. తర్వాత బోర్డుమీద పాఠం పేరు రాయాల" అని మర్యాదగా గుర్తు చేసింది. ఆ పిల్లలు మూడో తరగతి నుంచీ ఛాత్రోపాధ్యాయుల చేతుల్లోనే పెరిగారు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేవారు. టైము మించిపోతోందనుకుంటే తర్వాతి ప్రశ్నకు కూడా కలిపి చెప్పేవారు. చార్టు తలకిందులుగా తగిలిస్తే చప్పుడు చేయకుండా వచ్చి సరిచేసి పోయేవారు. ఇంత సుశిక్షితులైన విద్యార్థులు దేశంలో ఇంకెక్కడా ఉండరని పద్మావతమ్మ గారు తరచు అనేవారు.

మూడో రోజు భిన్నాల కూడిక. సగానికి మూడోవంతు కలిపితే ఎంత అని ఫర్హానా అడిగింది. "ఐదింట రెండు" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో చెప్పింది. రికార్డు రెండో గడిలోనూ అదే ఉంది. మూడో గడి ప్రకారం ఫర్హానా "చాలా బాగుంది, కూర్చోండి" అంది. అందరూ సంతోషంగా కూర్చున్నారు.

మధ్యాహ్నం భోజనంలో పిల్లలకు వేరుశెనగ చిక్కీ ఇచ్చారు. మహేశ్వరి తన చిక్కీ తెచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. ఫర్హానా అందులో సగం విరిచి తినింది. రుచిగా ఉందని ఇంకో మూడోవంతు తినింది. చేతిలో చూసుకుంటే చిన్న ముక్క మిగిలింది. రికార్డు ప్రకారమైతే సగం కంటే ఎక్కువే మిగలాలి. ఆమె అక్కడే, పళ్లేలు కడిగే కొళాయి పక్కన, తడివేలితో గచ్చుమీద లెక్క వేసి చూసుకుంది. పైదాన్ని పైదానితో, కిందిదాన్ని కిందిదానితో కలిపేసి ఎవరో ఏనాడో రాసిన తప్పు. దాన్ని ఇన్నేళ్లు అందరూ అందమైన దస్తూరీతో ఎక్కించుకున్నారు. ఆమె కూడా అక్షరాలు గుండ్రంగా వస్తున్నాయా అని చూసుకుందే తప్ప లెక్క చూడలేదు. సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు.

తర్వాతిసారి చిక్కీలు వచ్చిన రోజున రికార్డు మూసేసి, ఒక్కో చిక్కీని ఆరు ముక్కలు చేయించింది. సగమంటే మూడు, మూడోవంతంటే రెండు. మహేశ్వరి ముక్కలను వేలితో జరిపి జరిపి చూసి, ఎవరూ అడక్కుండానే, "అయితే ఆరింట అయిదు గదా మేడమ్" అంది. ఆ పిల్ల ముఖం చూసి ఫర్హానాకు ఒళ్లు పులకరించింది. అంతవరకు నాయన కోసం టీచర్ కావాలనుకుంది. ఆ మధ్యాహ్నం తన కోసం కావాలనుకుంది.

ఇంతటి అపచారం దాగుతుందా? ముక్కలు చేసిన చిక్కీలను యాప్ చిక్కీలుగా గుర్తించలేదు. ముప్పై రెండు మంది పిల్లల నోటికాడి తిండి మాయమైందని పైనుంచి పద్మావతమ్మ గారికి సందేశం వచ్చింది. చిక్కీ ఆహారమే కాని బోధనోపకరణం కాదని, బోధనోపకరణాలు అట్టముక్కతో చేసి రంగు కాగితం అంటించినవై ఉండాలని ఆమె లిఖితపూర్వకంగా హెచ్చరించారు.

సంగతి హిందూపురం దాకా పోయింది. పర్యవేక్షకుడైన ఆదెప్ప సారు వచ్చారు. ఫర్హానా రికార్డు తెరిచి తప్పు చూపించింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, తర్వాత ఆమెను చూసి, శాంతంగా ప్రసంగించారు.

"సూడమ్మా, లెక్క తప్పయితే దిద్దుకోవచ్చు. రికార్డు తప్పంటే సంతకం పెట్టినోళ్లంతా తప్పవుతారు. ఈ పాఠానికి సంతకం పెట్టినోళ్లలో ఇద్దరు రిటైరయినారు, ఒకాయన పోయినాడు. పోయినాయన్ను తప్పు పట్టేకి మనకు నోరెట్లొస్తాది? ఫైనల్‌లో నీకొచ్చేది ఈ పాఠమే. పరీక్షకుడు రెండో గడి చూసి టిక్కు పెట్టుకుంటా పోతాడు. జవాబు దానితో కలిస్తే పాసు, కలవకుంటే నువ్వు పిల్లోళ్లను అదుపులో పెట్టుకోలేవని రాస్తాడు."

ఫైనల్‌కు ముందు రోజు ఎవరు ఏ జవాబు చెప్పాలో పిల్లలకు పంచిపెట్టడం ఆనవాయితీ. మిగతా పదిమందీ పంచారు. ఫర్హానా పంచలేదు. ప్రశ్న అడుగుతాను, పిల్లలు నిజం చెబుతారు, వచ్చేది రానీ అనుకుంది. రైల్లో ఇంటికి పోతూ ఆ మాటే పదిసార్లు అనుకుంది. ఇంటికి పోతే నాయన ఆమె కోసం కొత్త దిండు కుట్టిపెట్టి ఉన్నాడు. పరీక్ష ముందు తలకు సుఖంగా ఉండాలట.

పరీక్షకుడు వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని రికార్డు తెరిచి, రెండో గడిమీద పెన్ను ఆనించాడు. గుమ్మం దగ్గర ఆదెప్ప సారు నిలబడ్డారు. సగానికి మూడోవంతు కలిపితే ఎంత అని ఫర్హానా అడిగింది. ముప్పై రెండు చేతులు లేచాయి. ఆమె మహేశ్వరిని లేపింది. తరగతిలో ఎవరు తడబడినా ఆ పిల్ల తడబడదు.

మహేశ్వరి వెనక బెంచీని చూసింది, గుమ్మం వైపు చూసింది, మేడమ్‌ను చూసింది.

"ఐదింట రెండు" అంది స్పష్టంగా.

పెన్ను టిక్కు పెట్టింది. ఫర్హానా నోట్లో 'తప్పు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రెండక్షరాలు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆమెకు పరుపుల అంగడి కనబడింది.

"చాలా బాగుంది, కూర్చో" అంది.

తరగతి చప్పట్లు కొట్టింది. విద్యార్థుల స్పందన ఊహించినట్లే ఉన్నదని, ఈమె ఉపాధ్యాయ వృత్తికి అన్నివిధాలా తగినదని పరీక్షకుడు రాశాడు. నూటికి తొంభై నాలుగు మార్కులు. చిక్కీ సంగతిని పెద్దమనసుతో మరిచిపోయారు.

గంట కొట్టాక ఫర్హానా మహేశ్వరిని వరండాలో పట్టుకుని, ఎందుకట్లా చెప్పావని అడిగింది. అడుగుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాకు దెలుసు మేడమ్, ఆరింట అయిదు" అంది మహేశ్వరి. "రికార్డులో అట్ల లేదు గదా. మీకు మార్కులు పోతాయని నిన్ననే అందరం మాట్లాడుకున్న్యాం. మీరు ఏడవొద్దండి మేడమ్. ఏటేటా మేమే గదా అందర్నీ పాసు జేసేది. మా బడిలో ఇంతవరకు ఒక్క టీచరు గూడా ఫెయిలు కాలేదు."

ఇది అక్షరాలా నిజం. ఆ బడి పిల్లలు ఇప్పటిదాకా రెండు వందల పద్నాలుగు మంది ఉపాధ్యాయులను ఉత్తీర్ణులను చేశారు. వాళ్లంతా జిల్లాలో అక్కడక్కడా స్థిరపడ్డారు. మీ పిల్లలకు కూడా వాళ్లలో ఒకరు పాఠం చెబుతుండవచ్చు. అనుమానముంటే ఈ సాయంత్రమే మీ పిల్లవాణ్ని పిలిచి, బడిలో చదువు ఎలా సాగుతోందని అడిగి చూడండి. వాడు ఒకసారి మీ ముఖం చూస్తాడు, ఆ తర్వాత మీకు కావలసిన జవాబే చెబుతాడు.