అలీది పగటి షిఫ్టు, టైసన్‌ది రాత్రి షిఫ్టు

ప్రపంచం నలభై ఏళ్లుగా తేల్చలేక చేతులెత్తేసిన ప్రశ్నను ఈ ఆదివారం తామే తేల్చేస్తున్నామని సూరత్‌లోని ఉధ్నా తెలుగు మగ్గం కార్మికుల సంఘం అధ్యక్షులు శ్రీ శ్యాంసుందర్ మైకులో ప్రకటించారు. మంచి ఊపులో ఉన్న అలీ, మంచి ఊపులో ఉన్న టైసన్ ఒకే బాక్సింగ్ రింగులోకి దిగి ఉంటే ఎవరు గెలిచి ఉండేవారు? కార్మికులందరూ ఓటు వేయాలి. గెలిచిన వీరుడికి సర్టిఫికెట్ ఇవ్వబడుతుంది. వీరుడు రాలేకపోతే ఆయన తరఫున అధ్యక్షులే స్వీకరిస్తారు.

రాజనర్సు చప్పట్లు కొట్టాడు. జేబులో బిడ్డ ఫారం ఉంది కాబట్టి అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆయన కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. బిడ్డ హారతికి పందొమ్మిదేళ్లు, ఎనభై నాలుగు కిలోలు. గుడ్డపీలికలు కుక్కిన బస్తాను కొక్కేనికి వేలాడదీసి ఆమె గుద్దడం మొదలుపెడితే కింది వాటావాళ్లు భూకంపమనుకుని పిల్లలతో సహా గల్లీలోకి వచ్చేసేవారు. హెవీవెయిట్ సెలెక్షన్లకు పేరివ్వాలంటే ఇక్కడే ఉంటోందని ఒక కాగితం కావాలి. ఆధార్ మీద చూస్తే జగిత్యాల దగ్గరి ఊరు. సంఘం అధ్యక్షులు సంతకం పెట్టి ముద్ర కొడితే చాలన్నాడు కోచ్. ఆఖరు గడువు శనివారం సాయంత్రం.

"ప్రెసిడెంట్ సాబ్, జర గీ కాగితం మీద సంతకం జేయుండ్రి."

"ఏంది రాజనర్సూ, తెలిసినోనివి నువ్వే గిట్లంటే ఎట్ల? కోడ్ నడుస్తున్నది."

"ఏం కోడ్ సాబ్?"

"ఎలక్షన్ కోడ్! అలీ, టైసన్ సంగతి తేలేదాంక సంఘం ముద్ర ఎవ్వరికీ కొట్టొద్దు. కొడితే ఓటర్లను మలుపుకున్నట్టయితది."

"నా బిడ్డ అలీ దిక్కు గాదు, టైసన్ దిక్కు గాదు సాబ్."

"గదే గదా నా అనుమానం."

ఇంత నిజాయితీ గల నాయకుడు ఉధ్నాలో మరొకడు లేడు. రాజనర్సు ఫారాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టుకున్నాడు.

అసలీ తగువు షిఫ్టు మారే చోట పుట్టింది. మగ్గాలకు పన్నెండు గంటల షిఫ్టులు. పగటివాళ్లు నిద్ర లేచిన చాప మీదే రాత్రివాళ్లు పడుకుంటారు. ఇద్దరూ ఎదురుపడేది పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. పగటి షిఫ్టు లస్మయ్య అలీ అన్నాడు, రాత్రి షిఫ్టు సంపత్ టైసన్ అన్నాడు. వారంలో రెండు షిఫ్టులూ రెండు పార్టీలైపోయాయి.

"టైసన్ ఒక్కటి గుద్దిండంటే మీ అలీ పోయి జగిత్యాలల వడ్తడు."

"దొరికితే గద గుద్దేది! మా అలీ లోకల్ ట్రైన్ లెక్క. ఎక్కుదామనేసరికి కదుల్తడు."

ఈ పది నిమిషాల్లోనే ఏ మగ్గానికి దారం తెగుతోందో ఒకరికొకరు చెప్పుకోవాలి. టైసన్‌ను చిన్నచూపు చూశారని సంపత్ పద్నాలుగో మగ్గం సంగతి చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు అలీ అభిమానులు నేసిన గుడ్డంతా జల్లెడైంది.

అధ్యక్షులవారు ఊరికే కలగజేసుకోలేదు. కార్పొరేషన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. వెయ్యిమంది జనాన్ని చూపించినవాడికే టికెట్ అని పార్టీ ఇన్‌చార్జి ధన్‌సుఖ్‌భాయ్ అన్నారు. అందుకే బ్యాలెట్ మీద పేరు, ఫోన్ నంబరు, వేలిముద్ర తప్పనిసరి చేశారు. ఎవరికి ఓటు వేస్తున్నారో రాసే జాగా మాత్రం చిన్నది.

రాజనర్సు గురువారం వెళ్లాడు. కోడ్ అన్నారు. శుక్రవారం వెళ్లాడు. అధ్యక్షులు టైసన్ శిబిరంలో ఉన్నారు. శనివారం సాయంత్రం దాకా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ముద్రను బ్యాలెట్ పెట్టెలో పెట్టి సీలు వేశారని తెలిసింది. ఇంటికొచ్చేసరికి హారతి గ్లవ్స్ తుడుచుకుంటోంది. ఆయన ముఖం చూసి గ్లవ్స్ బస్తా మీద పెట్టేసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది రాజనర్సుకు.

ఆదివారం ఓట్లు అధ్యక్షులే స్వయంగా లెక్కపెట్టారు. మొత్తం పన్నెండు వందల పన్నెండు. అలీకి ఆరు వందల ఆరు, టైసన్‌కు ఆరు వందల ఆరు.

"ఇద్దరూ గెలిచిన్రు!" అన్నారు మైకులో. "అలీ పగటి షిఫ్టుల గెలిచిండు, టైసన్ రాత్రి షిఫ్టుల గెలిచిండు. ఎవ్వరూ ఓడలే!"

హాలు దద్దరిల్లింది. రెండు సర్టిఫికెట్లూ అధ్యక్షులే స్వీకరించారు. రెండే వేయమంటే ప్రెస్సువాడు ఒప్పుకోలేదట, వంద వేశాడు. 'పై వ్యక్తి పోటీలో పాల్గొని ఉంటే గెలిచి ఉండేవారని ధ్రువీకరించడమైనది' అని బంగారు అక్షరాలు. పేరుకు, పోటీకి ఖాళీలు.

"రాజనర్సూ, కోడ్ ఎత్తేసినం. తే నీ కాగితం."

"గడువు నిన్ననే అయిపోయింది సాబ్."

అధ్యక్షులవారి కళ్లు చెమర్చాయి. వెంటనే హారతిని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మిగిలిన తొంభై ఎనిమిదిలో ఒకటి చేతికిచ్చారు. ముద్ర కూడా కొట్టారు. "నువ్వు పోయి ఉంటే గోల్డ్ మెడలే బిడ్డా!" జనం ఈలలు వేశారు.  రాజనర్సు కూడా అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు.

మంగళవారం ధన్‌సుఖ్‌భాయ్ జాబితా చూడటానికి వచ్చారు. పేర్లు బాగున్నాయి, ఓటరు కార్డుల జిరాక్సులు కావాలన్నారు. అందరి గదులూ తెలిసినవాడు రాజనర్సే కదా. రెండు రోజులు తిరిగి, పిలిస్తే సాయంగా వచ్చిన హారతితో కలిసి, కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్కటి తగ్గలేదు.

గురువారం మళ్లీ వచ్చిన ధన్‌సుఖ్‌భాయ్ మొదటిది తిప్పారు. పదోది తిప్పారు. అద్దాలు పెట్టుకుని మధ్యలోంచి ఒకటి లాగారు.

"శ్యాంభాయ్, యే కౌన్సీ లిపి హై?"

"తెలుగు, భాయ్."

"ఔర్ యే కోరుట్ల, సిరిసిల్ల, ధర్మపురి... సూరత్ మే కహాఁ హై?"

అవన్నీ కార్మికుల సొంతూళ్లు. ఎన్నికలొస్తే బస్సెక్కి ఊరికి పోయి ఓటేసి రావడం వాళ్ల రివాజు. ఇరవై ఏళ్లుగా ఆ బస్సులో కిటికీ సీటు అధ్యక్షులవారిదే. కట్టలో అడుగున ఉన్న కార్డు కూడా ఆయనదే, మెట్‌పల్లిది. ధన్‌సుఖ్‌భాయ్ మిగతా టీ తాగకుండానే లేచి వెళ్లిపోయారు.

"రాజనర్సూ," అన్నారు అధ్యక్షులు కట్టను మళ్లీ తిరగేస్తూ. "గింతమందిల ఒక్కనికి గూడ ఈడ ఓటు లేదా?"

"లేదు సాబ్. ఉండి ఉంటే అందరం మీకే ఏసేటోళ్లం."

హారతి బల్ల మీది దొంతరలోంచి ఒక సర్టిఫికెట్ తీసింది. పేరు దగ్గర 'శ్రీ శ్యాంసుందర్' అనీ, పోటీ దగ్గర 'కార్పొరేటర్' అనీ గుండ్రంగా రాసి ఆయన ముందు పెట్టింది.

"ముద్ర మీ దగ్గర్నే ఉన్నది గద సాబ్," అంది. "జర మీరే కొట్టుకోండ్రి."