మూడు వేలలో ఒకటి

శుక్రవారం పొద్దున దశాంశం వేసుకున్న పథకం చాలా చిన్నది. శనివారానికి సెలవు రాయించుకోవడం, సాయంత్రం బస్సెక్కడం, దూరపు ఊరి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న భార్యను కళ్లారా చూసుకోవడం. ఆమెను చూసి నలభై ఏడు రోజులైంది. ఇల్లు ఖాళీగా ఉంటే అన్నం కూడా సహించడం లేదు. ఇల్లు కాలే అవకాశమెంత, పడవ మునిగే అవకాశమెంత అని బీమా ఆఫీసులో లెక్కగట్టే మనిషి. సున్నా పక్కన నాలుగంకెలు లేనిదే నోరు విప్పడు కనుక ఆఫీసులో దశాంశం అన్న పేరు స్థిరపడింది.

ఆ సెక్షనులో శనివారం సెలవు ఒక్కరికే. ఇద్దరు అడిగితే పోకర్ పేకాట ఒక్క ఆటతో తేల్చుకోవడం రివాజు. ఐదేసి ముక్కలు పంచుకున్నాక తప్పుకుంటే ఈ వారమే పోతుంది. నిలబడి ఓడితే రెండు నెలల శనివారాలూ పోతాయి. ఈసారి పోటీకి వచ్చింది రికార్డు రూము బాబాయి. ఆయనకు సెలవు కావలసింది నిద్రపోవడానికి.

దశాంశం ముక్కలు విప్పాడు. మూడు ఆసులు, రెండు రాజులు! ఇంకొకడైతే బల్ల అదిరేలా పరిచేవాడు. ఇతను పెన్ను తీశాడు.

"ఏంటయ్యా రాస్తున్నావ్?"

"ఒక్క నిమిషం బాబాయ్. నన్ను కొట్టే ముక్కలు మీకు పడే అవకాశం ఎంతో చూస్తున్నా."

"పెళ్లికి ఒప్పుకునేటప్పుడూ ఇలాగే లెక్కేశావా?"

"అదొక్కటే లెక్కేయలేదు బాబాయ్. చూడగానే సరేనన్నా."

బాబాయికి నాలుగు ఒకే అంకె ముక్కలు పడాలి, లేదా ఒకే గుర్తులో ఐదూ వరసగా పడాలి. మూడు వేలలో ఒక్కసారి! అయినా రెండు నెలలు గుర్తొచ్చాయి. మళ్లీ మొదటినుంచి వేశాడు. కాగితం నిండింది, ఇంకోటి తీశాడు. రెండోసారీ అదే తేలింది. ఆనందం పట్టలేక "మూడు వేలలో ఒకటి!" అని అరిచాడు.

ఆ కేకకు మేనేజరు గదిలోంచి వచ్చాడు. బాబాయి ఇద్దరి ముక్కలూ ఒక్క ఊపున సొరుగులోకి తోశాడు. కాగితాలు మాత్రం బల్లమీద మిగిలాయి.

"గోదాము పాలసీ లెక్కేనా? ముప్పు ఇంత తక్కువా! మీరింత కష్టపడతారని నాకు తెలీదండీ."

పేకాట అంటే ఉద్యోగం ఊడుతుంది. దశాంశం తల ఊపాడు.

"అయితే రేపొచ్చి పూర్తి రిపోర్టు రాసిచ్చేయండి," అని మేనేజరు సెలవు పుస్తకం బాబాయి ముందుకు జరిపి వెళ్లిపోయాడు.

"నా దగ్గరున్నవి రెండు తొమ్మిదులేనయ్యా," అన్నాడు బాబాయి సంతకం పెడుతూ. "నువ్వు ముక్కలు పరిస్తే అప్పుడే చేతులెత్తేసేవాణ్ణి."

దశాంశం వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు.

"ఈసారి కూడా... రాలేనే. నువ్వు లేకపోతే ఏం బాగాలేదు."

"తెలుసండీ. పదకొండుసార్లు వస్తానన్నారు, రెండుసార్లు వచ్చారు. అందుకే నిన్ననే సెలవు పెట్టేశా. బస్సులో ఉన్నా, ఇంకో గంటలో దిగుతా. తాళం ఎక్కడ పెట్టారు?"

ఆ లెక్కకు ఆమె కాగితం కూడా వాడలేదు.