మావగారి గొంతు సవరణ

మావగారి మీద కోడలికున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన దగ్గుతారు, దగ్గుతున్నానని మాత్రం ఒప్పుకోరు.

"దగ్గు కాదమ్మాయ్, గొంతు సవరించుకోవడం," అంటారు ఆ మాజీ హెడ్మాస్టరు. రెండు నెలలుగా సవరిస్తున్నా ఆ గొంతు దారికి రాలేదు. డాక్టరు దగ్గరికి పదండంటే, "నా గొంతు సంగతి నాకు తెలీదూ?" అని ఎదురు దబాయింపు.

దానికితోడు ఆ ఇంట్లో దగ్గంటే ఆజ్ఞ. ఒకసారి దగ్గితే కాఫీ తేవాలి. రెండుసార్లయితే ఫ్యాను కట్టేయాలి. మూడుసార్లయితే గేటు దగ్గర ఎవరో ఉన్నారని అర్థం. ఆయన కొడుకు మాటలకన్నా ముందు ఆ దగ్గులే నేర్చుకున్నాడు.

ఆ ఉదయం కోడలికి వీడియోలో ఇంటర్వ్యూ. క్లినిక్‌లో రోగుల వివరాలు కనుక్కునే ఉద్యోగం. పెళ్ళయ్యాక తలుపు తట్టిన మొదటి అవకాశం. సిగ్నలు హాల్లోనే అందుతుంది గనక మావగారిని లోపలి గదిలో కూర్చోబెట్టి, "ఓ అరగంట సవరించుకోకండి మావయ్యగారూ," అని బతిమాలింది.

తెరమీద డాక్టరమ్మ పలకరించిందో లేదో, లోపల ఖళ్ళుమంది. వెనకనుంచి భర్త బనీనుతో కాఫీ పట్టుకుని పరుగెత్తాడు. రెండు దగ్గులు వినబడ్డాయి. కంగారులో ఫ్యానుతోపాటు హాల్లో లైటూ ఆర్పేశాడు. మూడు వినబడ్డాయి. గేటు దగ్గర ఎవరూ లేరు. నాన్న పొరపడరన్న నమ్మకంతో వీధిన పోతున్న కూరగాయల బండి అతన్ని లాక్కొచ్చాడు.

"ఎందుకు పిలిచారు సార్?"

"నాన్నగారు దగ్గారు!"

"ఏం జరుగుతోందండీ అక్కడ?" అంది డాక్టరమ్మ.

క్షమించండి అనబోయిన కోడలు ఆ మాట మింగేసింది. పోతే పోయింది ఉద్యోగం! లైటు వేసి, మావగారిని చెయ్యిపట్టి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టింది.

"చూస్తూండండి మేడమ్, నా పనితనం. మావయ్యగారూ, ఎన్నాళ్ళుగా ఈ దగ్గు?"

"దగ్గు కాద..."

"ఎన్నాళ్ళుగా?"

హెడ్మాస్టరు దొరికిపోయిన చివరి బెంచీ కుర్రాడిలా నిటారుగా కూర్చున్నారు. "రెండు నెలలు."

"కఫం, రక్తం, జ్వరం, ఆయాసం?"

"ఏమీ లేవు. పొడిగా వస్తుంది."

"అంతకుముందు కొత్త మాత్రలేవైనా మొదలెట్టారా?"

"బీపీ మాత్ర మార్చారు. ఆ వెనకే..."

డాక్టరమ్మ ముందుకు వంగింది. "కొన్ని బీపీ మాత్రలకి పొడిదగ్గు వస్తుందండీ. అలాగని మీ అంతట మీరు మానకండి. రేపు రండి, ఊపిరితిత్తులు కూడా చూసి తేలుద్దాం. వచ్చేటప్పుడు మీ కోడల్ని తీసుకురండి. రేపే చేరాలి తను."

మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పు నాదే అమ్మాయ్. ఇది దగ్గే. నీ మాట మొదటే వినాల్సింది."

జీవితమంతా పరాయివాళ్ళ తప్పులు దిద్దిన మనిషి సొంత తప్పొకటి ఒప్పుకున్నారు గానీ, దానికి సాక్షిగా నిలబడ్డ కూరగాయల బండి అతనికి మాత్రం తననెందుకు పిలిచారో ఇప్పటికీ తెలీదు.