పరీక్ష అక్కర్లేని మగవాళ్ళు

పిల్లలు పుట్టకపోతే లోపం ఆడదానిదే! సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలోని మా తెలుగు క్రైస్తవ సంఘం దీన్ని ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఏకగ్రీవం కనుక పరీక్షలు అనవసరం.

ఆ ప్రకారం ఆండ్రూ భార్య జూలియాను, సంఘానికి దానంగా వచ్చిన చాప మీద మోకరింపజేసి ఆరు ఉపవాస ప్రార్థనలు జరిపారు. ఏడోదీ ఫలించకపోతే హౌరాలో రైలెక్కించి పుట్టింటికి పంపేస్తానని అత్తగారు సత్యవేణమ్మ ప్రకటించింది. ఆవిడ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ ప్రకటనకు కూడా అందరూ "ఆమెన్" అన్నారు!

ఆండ్రూను ఎవరూ అనుమానించలేదు. ఆ కండలు చూసి ఎవరికి ధైర్యం?

"అలా సూత్తారేటి మేస్టారూ? వారానికో సూది. జిమ్ములో కోచ్ దాదా ఇస్తాడు. అసలు సిసలు మగ హార్మోను!" అన్నాడు నాతో, చెయ్యి మడిచి.

ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన నోరు ఊరుకోలేదు.

"బాబూ, వీర్యకణాలను సాకే దాది కణాలుంటాయి. పక్కనే తయారయ్యే హార్మోనుతోనే వాటికి బలం. నువ్వు బయటినుంచి ఎక్కిస్తే, సరుకు నిండుగా ఉందనుకుని మెదడు సిగ్నల్ ఆపేస్తుంది. లోపలి ఉత్పత్తి బంద్. రక్తంలో వరద, దాది కణాల దగ్గర కరువు!"

"ఇంత కండెట్టుకుని నాకే లోటా?"

"పరీక్ష చేయించుకో. చిన్న సీసా చాలు. మోకరించక్కర్లేదు."

ఏడో ప్రార్థననాటికి ఆండ్రూ రిపోర్టు వచ్చింది. వీర్యకణాలు సున్నా! సూదులు మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లో కోలుకుంటుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. జూలియా ఆ కాగితం ప్రార్థనకు తీసుకెళ్ళి, అందరి ముందూ అత్తగారి చేతిలో పెట్టింది. సత్యవేణమ్మ రెండుసార్లు చదివి, లేచి నిలబడింది.

"ఇకమీదట ఇంటి ఇసయాలు సంఘంలో మాటాడకూడదు!"

ఏకగ్రీవంగా ఆమోదించారు!

మర్నాడు జూలియా చాప చుట్టి మా ఇంటికి తెచ్చింది.

"దీంతో ఇక పనిలేదంట మేస్టారూ. తబితా ఆంటీ పోయాక మీరే ఇచ్చారంట గదా?"

"అవునమ్మా. మా ఆవిడదే."

"పిల్లల కోసం ఆంటీని ఇరవై ఏళ్ళు దీనిమీదే మోకాళ్ళ మీద కూకోబెట్టారంట. అప్పుడు మీరు పరీక్షకెళ్ళారా?"

ఏటా పదో తరగతికి ఆ పాఠం చెప్పాను. పరీక్షకు మాత్రం వెళ్ళలేదు.

చాప అందుకుని విప్పాను. రెండు మోకాళ్ళ చోట అరిగిపోయి ఉంది.