ఎగరని హెలికాప్టరే మేలు

విడిభాగాలు దొరకని సైనిక హెలికాప్టరును మించిన క్షేమకరమైన వాహనం ఈ లోకంలో లేదు! మీరు నవ్వినా సరే, ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

ఆలోచించండి. ఎగరనిది కూలుతుందా? నేలమీదున్నదాన్ని శత్రువు కొత్తగా ఏం కూలుస్తాడు? ఇంధనం తాగదు, దుమ్ము లేపదు, చప్పుడు చేయదు. మా బడి ప్రహరీకి అవతలే హెలికాప్టర్లు నిలిపే హ్యాంగరు. అక్కడికి స్పేర్ పార్ట్స్ రావడం మానేశాక నా పాఠం పిల్లలకు మొదటిసారి చివరిదాకా వినిపించింది. ఇంతకు మించిన విద్యాసేవ ఏ సైన్యమైనా చేసిందా?

పైగా పొదుపు! మా తమ్ముడు అక్కడే మెకానిక్కు. ఒకదాని పంపు ఊడదీసి ఇంకోదానికి, దాని గేర్‌బాక్సు ఊడదీసి మరోదానికి బిగించేవాడు, పెద్దవాడి చొక్కా చిన్నవాడికి తొడిగినట్టు. చివరికి వరసలో ఒక్కటే నిండుగా మిగిలేది. తక్కినవన్నీ దాతలు!

"ఏరా, వాటిలో ఎగిరేవెన్ని?" అని భోజనాల దగ్గర అడిగేదాన్ని.

"కప్పు కింద పావురాలన్నీ ఎగురుతాయక్కా!"

"మరి నీకు జీతం దేనికి?"

"వాటిని తోలడానికి."

మా మరదలు నవ్వు ఆపుకోలేక చేతిలో గరిటె కింద పెట్టేసేది. వాడు పొద్దుగుంకేలోగా ఇల్లు చేరని రోజు లేదు. ఎంతమంది సైనికుల ఇళ్లకు ఉంది ఈ భాగ్యం? విడిభాగాల ఆర్డరు కాగితాన్ని ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరుపుతూ కూర్చున్న పెద్దలకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

ఒక పెద్దాయనకు కవాతును గాల్లోంచి చూడాలనిపించడంతో చిక్కొచ్చింది. నేలమీంచి చూస్తే ఏం అని ఎవరూ అడగలేదు. కొత్త గేర్‌బాక్సు లేదు, ఉన్నదాంట్లో పళ్లు అరిగిపోయాయి అని మా తమ్ముడు చెప్పాడట. "ఇన్నాళ్లూ సర్దావుగా, ఈసారికీ సర్దు" అన్నారట.

హ్యాంగరులో ఒక ఆనవాయితీ ఉంది. భాగం బిగించినవాడే మొదటిసారి అందులో కూర్చోవాలి. ఎంత చక్కని పద్ధతి! చేసిన పనికి బాధ్యత అంటే అదీ! బిగించినవాడు కూర్చోవాలి. కొననివాడు కూర్చోనక్కర్లేదు.

పెద్దాయన ఎక్కకముందు ఒకసారి పరీక్షగా లేపారు. మా ప్రహరీ దాటింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. నేను పాఠం మధ్యలో ఉన్నాను.

పెద్దాయన కవాతును నేలమీంచే చూశారు. బాగానే కనిపించిందట.

కాబట్టి, సైన్యంలో ఏదీ వేళకు రాదని ఆడిపోసుకునేవాళ్లతో నేను ఏకీభవించను. వారం తిరక్కముందే మా తమ్ముడి స్థానంలో కొత్త మెకానిక్కు చేరాడు! ఆ కబురు చెప్పడానికి ఆఫీసరుగారు స్వయంగా మా ఇంటికొచ్చారు. పనేమీ ఆగలేదని తెలిస్తే మాకు ఊరటగా ఉంటుందని ఆయన ఉద్దేశం. మా మరదలు ఆయనకు మంచినీళ్లిచ్చి, మర్యాదగానే అడిగింది:

"మనిషి ఇంత తొందరగా ఎలా దొరికాడండీ? ఈ ఆర్డరు ఎవరు పెట్టారు?"